ఏడు శాఖల మగ్గం

సూరత్ శ్రామికుల పంట పండింది. నైపుణ్యం లేక వెనకబడిన పెద్దవాళ్లకు కొత్త పని నేర్పడానికి ఏడు ప్రభుత్వ శాఖలు తమ బడ్జెట్లను ఒక్క కుండలో పోశాయి. ఇదివరకు ఏ శాఖ డబ్బు ఆ శాఖే వృథా చేసుకునేది. ఇకమీదట అన్నీ కలిసి, పరస్పర అవగాహనతో, ఆ పని చేస్తాయి.

ఈ శుభవార్త బమ్రోలిలో ఒంటిగది ఇంట్లో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తున్న వినోద చెవిన పడింది. ఆమెకు శాఖలతో పేచీ లేదు. ఆమె దిగులంతా మొగుడు సోమలింగం గురించే. మీసాలు మొలవకముందే ఈ ఊరొచ్చి, మరమగ్గాల మీదే మీసాలు నెరిసిన మనిషి. సాంచాలనే ఆ పాత మగ్గాలను కార్ఖానా యజమాని సేఠ్ దీపావళికి తుక్కు కింద అమ్మేసి, నీటిచిమ్ముతో నేసే వాటర్‌జెట్ మగ్గాలు దింపుతున్నాడు. సెలవులు అయ్యేలోగా వాటిని నడపడం నేర్చినవాడు ఉంటాడు, నేర్వనివాడు ఊరికి రైలెక్కుతాడు అని చెప్పేశాడు కూడా.

"జర పోయి నేర్సుకో అయ్యా. సర్కారోళ్లే పిలిచి నేర్పుతమంటే నీకేం రోగం?" అని తరిమింది వినోద. సోమలింగం రాత్రి పాళీకి మారి, నిద్ర మానుకుని, పగలు శిక్షణకు వెళ్లసాగాడు.

శిక్షణ కేంద్రంలో నిజంగానే ఒక వాటర్‌జెట్ మగ్గం ఉంది. అబద్ధమాడితే కళ్లు పోతాయి. అయితే అది ఏడు శాఖల ఉమ్మడి ఆస్తి కనుక, ఏడుగురు అధిపతులూ ఒకేసారి హాజరైతే తప్ప దాని ప్లాస్టిక్ ముసుగు తీయరాదని నిబంధన. ఒకరు రాజధానిలో ఉంటే ఇంకొకరు అధ్యయన యాత్రలో ఉండేవారు. అందువల్ల ఎవరికి వీలైనప్పుడు వారు వచ్చి, ముసుగు మీదనే రిబ్బను కట్టించి, కత్తిరించి వెళ్లేవారు. పదిమంది చేరితే పాము చావదంటారు. ఇక్కడ పాముకు వచ్చినవాళ్లందరూ పూలదండ వేశారు.

అంతమాత్రాన శిక్షణ ఆగలేదు. డబ్బు పెట్టిన ప్రతి శాఖకూ పాఠంలో వాటా ఉండాలి కదా! మత్స్యశాఖవారు వల అల్లడం నేర్పారు. దారం ఎక్కడైనా దారమేనట. పర్యాటకశాఖవారు విదేశీయులకు చిరునవ్వుతో నమస్కరించడం నేర్పారు. మహిళా సంక్షేమశాఖవారు ఆ మగవాళ్లందరి చేతా స్వయం సహాయక సంఘం పెట్టించి, సోమలింగాన్ని ఏకగ్రీవంగా కోశాధికారిణిగా ఎన్నుకున్నారు.

"ఇయ్యాల్నన్న మిషన్ ముట్టినవా?" అని వినోద సాయంత్రం అడిగేది.

"ముట్టలె. బర్రెకు జెరమొస్తే ఏం జెయ్యాల్నో చెప్పిండ్రు."

"మనకు బర్రె యాడిదయ్యా?"

"నేను గదే అడిగిన. బర్రెలు రెండో విడతల ఇస్తరట."

దీపావళి వారం ఉందనగా గ్రహాలు కలిసొచ్చాయి. ఏడుగురూ వచ్చారు. సంయుక్త సమన్వయాధికారి మైకు అందుకున్నారు. "సోదరులారా! ఈ దేశంలో యంత్రాలకు కొరత లేదు. మనుషులకు అసలే కొరత లేదు. ఈ రెంటినీ ఒకచోట చేర్చడానికే కాస్త సమయం పడుతోంది. ఆ సమయాన్ని మీకు అందించడమే ఈ పథకం లక్ష్యం!" హాలు మారుమోగింది. ముసుగు తొలగింది. మగ్గం తళతళలాడింది.

చేతులు దురదపెట్టి సోమలింగం లేచాడు. "జర నడిపి సూపియ్యుండ్రి సార్."

అప్పుడు తేలింది, ఆ హాల్లో నీటి కొళాయి లేదని. నీటిశాఖ ఈ ఏడింటిలో లేదు. "మంచి ప్రశ్న," అన్నారు సమన్వయాధికారి. "ఎనిమిదో శాఖను కలుపుకొనే విషయమై ఉపసంఘం వేస్తున్నాం." ఆ జవాబుకు మరింత గట్టిగా చప్పట్లు పడ్డాయి. మగ్గం చలికాలానికి తిరిగి ముసుగేసుకుంది.

సెలవులయ్యాయి. సేఠ్ కార్ఖానాలో కొత్త మగ్గాలతోపాటు వాటిని నడిపే కుర్రాళ్లు కూడా దిగారు. సోమలింగం తన శిక్షణ సర్టిఫికెట్టు చాపాడు. సేఠ్ దాన్ని రెండు చేతులతో అందుకుని, ఏడు ముద్రలనూ భక్తిగా చూసి, "సోమాభాయ్, నువ్వు చాలా పెద్దవాడివైపోయావు. నా దగ్గర నీకు తగిన పని లేదు," అన్నాడు.

ప్రభుత్వం మాత్రం చేయి వదల్లేదు. శిక్షణ పొందినవాడు నిరుద్యోగిగా ఉంటే నివేదిక పాడవుతుంది. మూడు గంటలు కదలకుండా కూర్చోవడం, సరైన చోట చప్పట్లు కొట్టడం — ఈ రెండూ ఈ బ్యాచికి బాగా పట్టుబడ్డాయని సమన్వయాధికారి గమనించారు. సభలు జరిపించే కాంట్రాక్టరుకు అందరినీ అప్పగించారు. హజీరా నుంచి కామ్‌రేజ్ దాకా ఎక్కడ ప్రారంభోత్సవమైనా బస్సు, పూరీ, పూట కూలి. సాంచాల మీద వచ్చేదాంట్లో సగం. ఆ సగం చాలక వినోద కూడా కత్తెర పక్కనపెట్టి మహిళల వరసలో కూర్చోవలసి వచ్చింది. నూటికి నూరు శాతం ఉపాధి అని నివేదిక వెళ్లింది. నిజానికి నూట ఒకటి.

రెండో బ్యాచి ప్రారంభసభలో వినోద పక్క కుర్చీ పద్మారాణి గారిది. పెద్ద డాక్టరు గారి భార్య, తెలుగు మహిళా మండలి అధ్యక్షురాలు. వినోదకంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది. ఆ పనితనం చూసి వినోద ముచ్చటపడింది.

"అమ్మా, మీకు పూటకు ఎంతిస్తుండ్రు?"

పద్మారాణి గారు నొచ్చుకుంది. "ఛ, డబ్బేమిటమ్మా? మేం ఊరికే వస్తాం. ఎన్నేళ్లనుంచో."

వినోదకు నిజంగానే జాలేసింది. "గిన్నేండ్లసంది ముఫత్‌ల కొడుతున్నరా! ఎవలు నేర్పిండ్రమ్మా మీకు?"

పద్మారాణి గారు గట్టి జవాబే చెప్పబోయింది. అంతలో వేదిక మీద ఎవరో ఏదో ప్రకటించారు. అదేమిటో ఆవిడకు వినబడలేదు. చేతులు మాత్రం ఆవిడను అడక్కుండానే లేచాయి.