దివిసీమలో షుగర్ పోయిన వారం

శుక్రవారం పదకొండింటికల్లా అంచనాల పట్టిక డైరెక్టరుగారి బల్ల మీద పెట్టేసి, మధ్యాహ్నం బస్సుకు గుడివాడలో చెల్లెలి గృహప్రవేశానికి బయలుదేరాలని ఇంద్రజ పొద్దున్నే అనుకుంది. బందరులో ఒక ధర్మాసుపత్రిలో ఆమెది లెక్కల ఉద్యోగం. గడిచిన అయిదేళ్లలో ఏ నెల ఎంతమంది షుగర్ రోగులు వచ్చారో కంప్యూటరుకు ఇస్తే, రాబోయే నెలల్లో ఎంతమంది వస్తారో అది చెబుతుంది. దాన్నిబట్టే మందులు తెప్పిస్తారు, డాక్టర్లను వేస్తారు.

బందరుకూ గుడివాడకూ అంకెలు బుద్ధిగానే వచ్చాయి. దివిసీమలోని నాగాయలంక శాఖ దగ్గర చిక్కొచ్చింది. జనవరి నుంచి అక్కడ రోగులు నెలనెలా తగ్గుతున్నారు. ఆ వరసనే పట్టుకుపోయిన కంప్యూటరు ఆగస్టులో మైనస్ పన్నెండు మంది వస్తారంది. మైనస్ పన్నెండు మంది ఆసుపత్రికి ఎలా వస్తారో ఇంద్రజకు తోచలేదు. చూస్తే బస్సుకు వేళవుతోంది. మర్యాదగా సున్నా అని దిద్ది ఇచ్చేసింది.

డైరెక్టరు వెంకటసుబ్రహ్మణ్యంగారు కళ్లజోడు తుడుచుకుని మరీ ఆ సున్నాను చూశారు.

"ఏమ్మా, దివిసీమలో షుగర్ పోయిందా?"

"పోయిందని కాదండీ, మన దగ్గరికి వచ్చేవాళ్లు..."

"పదేళ్ల కష్టమమ్మా ఇది!" ఆయన కళ్లజోడు మళ్లీ తీసి కళ్లు ఒత్తుకున్నారు. ఆయన తల్లికి ఈ జబ్బుతోనే కాలు తీసేశారని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. నీళ్లు నిండిన ఆ కళ్లను చూశాక మిగతా మాట దిగమింగి ఇంద్రజ బస్సుకు పరుగెత్తింది.

ఆమె గుడివాడలో బస్సు దిగేసరికి కబురు ఆసుపత్రి ట్రస్టు అధ్యక్షుడికీ, ఆయన ద్వారా లోకల్ చానలుకూ చేరింది. సాయంత్రానికి నాగాయలంకలో ఆదివారం విజయోత్సవ సభ ఖాయమైంది. రోగులు లేనిచోట డాక్టరెందుకని అక్కడి బెంజమిన్‌గారిని గుడివాడకు బదిలీ చేసేశారు. ఆయన ఇంద్రజకు మళ్లీమళ్లీ ఫోన్ చేశారు. తిడతారని భయపడి ఆమె ఎత్తలేదు. మర్నాడు గృహప్రవేశంలో, చానల్లో కబురు విన్న తన అత్తగారు సత్యవాణి "మా కోడలు లెక్కలు కట్టి షుగర్‌ని తరిమేసింది" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంటే, ఇంద్రజ వంటింట్లోకి తప్పుకుంది.

ఆదివారం నాగాయలంకలో షామియానా చాల్లేదు. వచ్చిన ప్రతివాళ్ల చేతిలోనూ బందరు లడ్డు.

"చూశావామ్మా, అందరూ ఎంత ఆరోగ్యంగా ఉన్నారో!" అని డైరెక్టరుగారు మురిసిపోయారు.

ఇంద్రజ మనసు కుదుటపడలేదు. ముందు వరసలో లడ్డు కొరుకుతున్న రావమ్మ అనే ముసలావిడ పక్కన కూర్చుంది.

"మామ్మగారూ, మీకు షుగర్ ఉండేదా?"

"ఉండేదేంటమ్మా, ఉంది. మొన్న మూడొందలు చూపించింది."

"మరి ఆసుపత్రికి రావట్లేదే?"

"నెలనెలా తిరగలేకపోతున్నామని బెంజమిన్ డాక్టరుగారు జనవరి నుంచి నెలకి కొంతమంది చొప్పున అందరికీ మూడేసి నెలల బిళ్లలు ఒకేసారి ఇస్తూ వస్తున్నారుగా! నావి ఈ వారంతో అయిపోతాయి. వెళ్లి తెచ్చుకోవాలి."

తాళం వేసిన ఆసుపత్రి తలుపు ముందు, ఖాళీ బిళ్లల అట్టలు పట్టుకుని ఈ జనమంతా నిలబడడం ఇంద్రజ కళ్లకు కట్టింది. గబగబా వేదికెక్కి, మాట్లాడుతున్న అధ్యక్షుడి చేతిలోంచి మైకు తీసుకుంది.

"తప్పు నాదండీ. షుగర్ ఉన్నవాళ్లు ఒక్కసారి చెయ్యెత్తండి. మొహమాటపడకండి."

లడ్లతో సహా చేతులు లేచాయి. చిట్టచివరి వరసదాకా లేచాయి. అధ్యక్షుడిదీ లేచింది. డైరెక్టరుగారు తన లడ్డును మెల్లగా పళ్లెంలో పెట్టి, తనూ చెయ్యెత్తారు.

ఇంద్రజ అక్కణ్నుంచే బెంజమిన్‌గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆయన తిట్టలేదు.

"ముందా లడ్లు ఆపించండమ్మా. వచ్చేస్తున్నా" అన్నారు.

సన్మానం కుర్చీలు రోగుల వరసగా మారాయి. చీకటిపడేదాకా రక్తపరీక్షలు సాగాయి. డైరెక్టరుగారు కూడా వరసలోనే కూర్చుని, తన వంతు వచ్చేలోగా బదిలీ రద్దు కాగితం మీద సంతకం పెట్టారు.

సోమవారం ఇంద్రజ ఆదివారం నాటి సంఖ్యను కంప్యూటరుకు ఇచ్చింది. నాగాయలంకలో అంతమంది రోగులుండడం జరిగే పని కాదని అది ఆ అంకెను లెక్కలోంచి తీసేసింది.