సముద్రం అడుగున ఏమీ లేదట

సర్వేలను తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పర్యావరణ సర్వే మానవజాతికి దొరికిన వరం. అదే లేకపోతే మన చుట్టూ ఏమున్నాయో మనమే కళ్లతో చూసి తెలుసుకోవాల్సి వచ్చేది. అంతటి దౌర్భాగ్యం పగవాడికి కూడా వద్దు!

మొన్న మా వీధి చివర నేలను సర్వే చేశారు. పద్ధతి చాలా శాస్త్రీయం. ఇనుప చట్రం ఒకటి గాల్లోకి విసురుతారు. అది ఎక్కడ పడితే అక్కడ, దాని లోపలున్న మొక్కల్నీ పురుగుల్నీ లెక్కపెడతారు. చోద్యం చూడ్డానికి వెళ్లిన నా పాదం చుట్టూ పడిందది. "కదలకండి" అన్నారు. కదల్లేదు. "మందకొడి జీవి, ఒకటి" అని ట్యాబ్‌లో ఎక్కించుకున్నారు. ఇక మా ఆవిడ ఆనందం చూడాలి! ఇన్నేళ్లుగా తను ఒంటరిగా చెబుతున్న మాటకు సైన్సు తోడొచ్చిందని వీధంతా చెప్పుకొచ్చింది. సర్వే వల్ల సంసారాల్లో ఇంత స్పష్టత వస్తుంటే ఎందుకండీ ఏడుపు?

తర్వాత ఊరి వెనక చిత్తడి నేల వంతు. బురద అంటితే బూట్లు పాడవుతాయి కాబట్టి బృందం జీపు దిగలేదు. పక్షులు దూరంగా ఉన్నాయి కాబట్టి హారన్ కొట్టి పిలిచారు. మర్యాద తెలియని పక్షులు, ఎగిరిపోయాయి. అంతే, పక్షులు సున్నా. అక్కడ గుంపులు గుంపులుగా కొంగలుంటాయని నేను చిన్నప్పటి నుంచీ భ్రమలో ఉన్నాను. సున్నా అని తేలాక మనసెంత తేలికపడిందో!

ఇక సముద్రం సంగతి. మా అక్కా బావా రేవు పక్కన, బండల దగ్గర పీతలు పట్టుకుని బతుకుతారు. సరిగ్గా అక్కడికే ఫ్యాక్టరీ మురుగునీటి పైపు వేయాలని ప్రతిపాదన. అడుగున జీవరాశి ఉంటే పైపు వద్దు, లేకపోతే ముద్దు. తేల్చడానికి ఒక కెమెరాను తాడు కట్టి దించారు. పడవ మా బావదే, కాబట్టి జరిగినదంతా ఆయనే చెప్పాడు.

కెమెరా దిగింది. తెర మీద చిమ్మచీకటి. కెమెరా ఆపరేటరుకు సముద్రం పడదు. పడవ అంచు పట్టుకుని, పొద్దున తిన్నదంతా చేపలకు పెడుతున్నాడు. అంతలో సర్వే ఆఫీసు నుంచి పెద్దసారు ఫోన్.

"అడుగున పీతలున్నాయా?"

"చూడలేదు సార్" అన్నాడు పాపం, ఉన్నది ఉన్నట్టు. కెమెరాకు మూత తీయడం మర్చిపోయామని చెప్పేలోపు మళ్లీ పడవ అంచు మీదికి వంగాల్సి వచ్చింది. ఫోన్ కట్టయింది.

మన భాష గొప్పతనం చూడండి. వెతికినా కనపడకపోతే "చూడలేదు". అసలు కళ్లే తెరవకపోయినా "చూడలేదు". పెద్దసారు రెండర్థాల్లో ఆఫీసుకు అనువైనది ఏరుకున్నారు. సాయంత్రానికల్లా జీవరాశి లేదని నివేదిక వచ్చేసింది. బావ ఫోన్ చేసి మూత సంగతి చెబితే, పడవవాళ్ల మాట డేటా కిందికి రాదన్నారట. ఇంకో భాషవాళ్లకైతే ఇందుకు ఓడలు కావాలి, డైవర్లు కావాలి. మనకు ఒక్క క్రియాపదం సరిపోయింది!

మా అక్కకు సైన్సు మీద నమ్మకం తక్కువ. బుట్టెడు పీతలతో నేరుగా పెద్దసారు గదికి వెళ్లింది, నన్నూ లాక్కెళ్లింది. "ఇవి అక్కడివే సార్" అంటూ బుట్ట బల్ల మీద పెట్టింది. అది కాస్తా ఒరిగింది.

ఆహా, ఏం చెప్పను! పీతలు నాలుగు వైపులా పరుగు. గుమాస్తాలంతా కుర్చీలెక్కారు. ఒక పీత ప్రింటర్లో దూరి, కాగితం వచ్చేచోటు నుంచి డెక్క బయటపెట్టింది. ఇంకొకటి పెద్దసారు టై పట్టుకుని వేలాడింది. అటెండరు చీపురు తెచ్చి అడిగాడు, "పట్టమంటారా సార్?"

పెద్దసారు టై వంక చూసుకుంటూనే, "లేనివాటిని ఎలా పడతావయ్యా?" అన్నారు. నివేదిక మీద ఆయనకున్న నిష్ఠకు నా కళ్లు చెమర్చాయి.

చివరికి అక్కే వంగి ఒక్కోదాన్నీ ఏరుకుంది. "అక్కడ మురుగు వదిలితే ఇవి చచ్చిపోతాయి సార్. మాకు వేరే పని రాదు. అంటే, మేమూ లేనట్టేనా?"

పెద్దసారు టై సర్దుకున్నారు. "మనుషుల సంగతి వేరే శాఖ చూస్తుందమ్మా" అన్నారు, చాలా మెత్తగా.

బయటికి వచ్చాం. ఆఫీసు ఆవరణలో కొత్త పైపులు దించి ఉన్నాయి, ఒక్కోటీ మనిషి దూరేంత లావు. ఎంత ముందుచూపో చూడండి. సర్వే జరిగి ఇంకా వారం కాలేదు. ఆ పైపుల సందుల్లో గడ్డి మాత్రం మోకాలెత్తు పెరిగింది.