లక్ష్యం దాటిన అశ్రిత

మానవజాతి అంతవరకు పొరపాటున వాడుతూ వచ్చిన 'అర్థం చేసుకోవడం' అనే క్రియ 2003 జూలైలో రద్దయింది. అర్థం చేసుకోవడాన్ని కొలవలేమని, కొలవలేనిది జరిగినట్టు కాదని బోధనా లక్ష్యాల పర్యవేక్షణ విభాగం తేల్చింది. (ఆ విభాగాన్ని ఎందుకు పెట్టారో ఎవరికీ అర్థం కాలేదు. అదీ కొలవలేదు.)

తూంకుంట దగ్గరి ఓ సర్కారు బడిలో మనోరమ మూడో తరగతి టీచరు. ఇదివరకు "పిల్లలు పాఠం అర్థం చేసుకుంటారు" అని ఒక్క ముక్క రాసి పాఠంలోకి దిగేది. ఇప్పుడు ఎవరు, ఏం, ఎంత నేర్చుకుంటారో ముందే రాయాలి. యాప్రాల్ నుంచి బస్సులో వస్తూ, పాఠ్యప్రణాళిక రికార్డు ఒళ్లో పెట్టుకుని రాసేది: "పీరియడ్ ముగిసేసరికి నలభై మందిలో ముప్పై రెండు మంది, ఒత్తుల్లేని ఐదు పదాలు తప్పుల్లేకుండా చదువుతారు."

చదవబోని ఎనిమిది మంది పేర్లూ రాయమన్నారు. మొదటి పేరు అశ్రిత. రెండేళ్లుగా పుస్తకం ముందు నోరు విప్పని పిల్ల. (ఆ పేరులోనే ఒత్తు ఉంది కాబట్టి అది కూడా లక్ష్యం పరిధిలోకి రాదు.) మధ్యాహ్నం అన్నం తిన్నాక మనోరమ రోజూ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించేది. దీనికి రికార్డులో గడి లేదు.

తనిఖీ రోజు పరిశీలకుడు పరమేశ్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. మనోరమ బోర్డు మీద ఐదు పదాలు రాసింది. పిలవకుండానే అశ్రిత లేచింది. ఐదూ చదివింది. అక్కడితో ఆగక పుస్తకం తీసి, వేలు జరుపుకుంటూ, ఒత్తులతో సహా పేజీ మొత్తం చదివేసింది.

"టీచర్, నాకు సదువొస్తాంది!" అని అరిచింది.

మనోరమ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పరమేశ్ రికార్డు తిప్పాడు.

"గీ పిల్ల చదవని ఎనిమిది మందిల ఉన్నది గద మేడం?"

"ఉండె సార్. ఇయ్యాల చదివింది."

"అట్లెట్ల చదువుతది? రికార్డుల లేదు గద."

వారం తిరిగేసరికి విభాగం నుంచి మెమో వచ్చింది: ప్రణాళికకు మించి నేర్పినందుకు సంజాయిషీ ఇవ్వాలి.

"పరేషాన్ గాకుండ్రి మేడం," అన్నాడు హెడ్మాస్టరు నారాయణ. "మళ్ల గిట్ల గాదని రెండు లైన్లు రాసియ్యుండ్రి. లేకుంటే సర్వీసు రిజిస్టర్ల ఎక్కుతది."

"మరి అశ్రితకు ఏం జెప్పాలె సార్?"

"తనిఖీకొచ్చినప్పుడు సప్పుడు జెయ్యద్దనుండ్రి."

మనోరమ మూడుసార్లు కాగితం చించి, నాలుగోసారి రాసిచ్చింది.

తర్వాతి తనిఖీలో ముప్పై రెండు మంది చదివారు. ఎనిమిది మంది నోరు మూసుకుని కూర్చున్నారు. నూరు శాతం లక్ష్యం సాధించినందుకు బడికి ప్రశంసాపత్రం ఇచ్చారు. మౌనంగా కూర్చోవడంలో అశ్రిత విశేష ప్రగతి కనబరిచిందని పరమేశ్ అందులో ప్రత్యేకంగా రాశాడు.