శెట్టిగారి రాజు దూకిన విధంబు

శాలివాహన శకం పందొమ్మిది వందల ఇరవై నాలుగో ఏట, చిత్రభాను నామ సంవత్సరాన, మేఘుడు అనంతపురం మెట్టసీమ దారి మరచి మూడు కార్తెలు గడిచిపోగా, విత్తిన వేరుశనగ భూగర్భంలోనే మౌనతపస్సు చేసుకొనుచున్న ఆషాఢమాసపు చివరి దినమందు, గురువారం ఉదయం తొమ్మిదిన్నర గంటలకు, ఉరవకొండ పురవరంలో, కీర్తిశేషులు నాగేశ్వరయ్యశెట్టి గారి బట్టల అంగడి మధ్యభాగాన, ముల్లోకాలూ పట్టించుకోని ఒక మహాసంగ్రామానికి రంగం సిద్ధమైంది.

ఒక పక్షాన జయరాముడు మాస్టరు. ముప్పైమూడేళ్లు హైస్కూల్లో తెలుగు బోధించి, సంధులు విడదీయుటలో శస్త్రవైద్యుడనీ, సమాసాలు అతుకుటలో విశ్వకర్మ అనీ, చివరి బెంచీలో నిదురించు శిష్యుని నుదుటికి సుద్దముక్క గురిచూసి విసరుటలో సవ్యసాచి అనీ బిరుదులు గడించి, రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేసిన వృద్ధవీరుడు.

ఎదుటి పక్షాన ఒక యంత్రాసురుడు. జానెడున్నర పొడవైన నల్లని దేహం, అరవైనాలుగు గడుల విశాలవక్షం, అంచుల వెంట మిణుకుమనే పదహారు ఎర్రని కళ్లు, నుదుట వరుసగా బటన్లు, ఉదరంలో నాలుగు సెల్లులు. తనంతట తానే చదరంగమాడే ఆ యంత్రాన్ని, చీరల సరుకుకని బెంగుళూరు పోయిన శెట్టిగారి కొడుకు కార్తికేయ కొని తెచ్చాడు. "సార్‌కు ఆడుకునేకి జోడీ లేకపోయె కదా" అని మాస్టరు చేతిలో పెట్టాడు.

ఇద్దరికీ నడుమ, ఈ యుద్ధానికి మూలకారణమై, పాత చెక్కబల్ల ఒకటుంది. ఇరవయ్యారేళ్లు, బడి విడిచిన సాయంత్రాలన్నీ, శెట్టిగారూ మాస్టరూ ఆ బల్లకు చెరోవైపు ఆసీనులై, గజతురగ పదాతిబలాలతో ఒకరి సామ్రాజ్యాన్ని ఒకరు నేలమట్టం చేసి, చీకటి పడగానే ఇండ్లకు పోయేవారు. చైత్రంలో ఒకనాడు ఆట నడుమ గిరాకీ వస్తే శెట్టిగారు లేచి, "ఎత్తు నాదే సార్, రేపు చూస్తాం" అని పావులమీద తువ్వాలు కప్పారు. ఆ రేపు ఆయనకు రాలేదు. తువ్వాలు అట్లే ఉంది.

మరునాడు శ్రావణ శుక్రవారం. బల్ల తీసేసి అద్దాల షోకేసు పెట్టాలని కార్తికేయ నిశ్చయించాడు. షోకేసు ఈ మధ్యాహ్నమే ఒంటిగంటకు వస్తుంది. మూడు నెలలుగా ఆ బల్లమీద ఎవరినీ చెయ్యి వేయనివ్వని శెట్టిగారి భార్య రత్నమ్మ, గోడవార చాపమీద కూర్చుని జాకెట్టు ముక్కలు మడతపెడుతూ, ఆ పొద్దున మాస్టరుతో చెప్పింది.

"బల్ల పోతే పోనీలే అన్నా. ఆట సగంలో తీసేసేకి మాత్రం నాకు చెయ్యి రాదు. ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడేయండి."

"ఆయన ఎత్తులు ఎవరు వేస్తారమ్మా?"

"ఆ మిషను ఉండాది కదా."

అంతట మాస్టరు, ఉత్తరీయం లేనందున భుజంమీది తువ్వాలునే సవరించుకుని, యంత్రానికి అభిముఖుడై ప్రతిజ్ఞ చేశాడు.

"ఓ యంత్రమా, వినుము. నేడు నీవు నాగేశ్వరయ్యశెట్టి స్థానమున నిలిచి, ఆయన విడిచిపోయిన నల్లసైన్యమును నడుపవలెను. ఆ బల్లపై పావులు ఏయే గడులలో గలవో, నీ వక్షముపై ఆయా గడులలోనే నిలుపుదును. ఒంటిగంట లోపల ఈ యుద్ధమును ధర్మబద్ధముగా ముగింతును. ముగింపనేని నేను సుద్దముక్క పట్టిన చేయి చేయి కాదు."

యంత్రం బదులుగా "కుయ్" అన్నది.

బటన్లమీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. వెంట వచ్చిన పుస్తకంలో ఏడు భాషలున్నాయి. తెలుగు లేదు సరే, మడకశిర దాకా వినబడే కన్నడమైనా లేదు. మాస్టరు ఇంగ్లీషు పుటలు పట్టి, వ్యాఖ్యానం లేని ప్రాచీనకావ్యాన్ని ఛేదించినట్లు పదం పదం ఛేదించాడు. 'సెటప్' అనే బటన్ నొక్కాలి, పావు బొమ్మ ఉన్న బటన్ నొక్కాలి, ఆ పావు నిలవాల్సిన గడి నొక్కాలి. తువ్వాలు ఎత్తనక్కరలేకుండానే ఆయనకు కంఠస్థమైన పావులు పందొమ్మిది గనుక, పందొమ్మిది సార్లు ఆ క్రతువు జరగాలి.

ఆయన బొటనవేలు గదాదండమై లేచింది. సున్నితంగా తాకవలసిన గడిని, గోడకు మేకు దిగగొట్టే వానివలె ఒత్తుతుంటే, యంత్రం ఒక్కొక్క ఒత్తునూ రెండుగా లెక్కించి, నిలిపిన ఏనుగును వెంటనే తన జ్ఞాపకంలోంచి మాయం చేసి, "కుయ్ కుయ్" అని గేలిచేసింది. చెమట ధారలు కళ్లద్దాలమీద సెలయేళ్లైనా వెనుదీయక, పోయిన ఏనుగును తిరిగి నిలిపి, పారిపోయిన గుర్రాన్ని పట్టి తెచ్చి, గంటసేపు భీకరంగా పోరాడి, పదిహేడు పావులను స్థాపించి, పద్దెనిమిదవదైన తెల్లబంటు కోసం వంగగా, హతవిధీ, చొక్కా చేతిమడత 'న్యూ గేమ్' అనే బటన్‌కు తగిలింది. ఉల్లాసంగా ఒక రాగం తీసి, యంత్రం పదిహేడు పావులనూ మరచిపోయింది.

ఆ రాగం విని, పక్కనున్న డబ్బా అంగడిలో గడియారాలూ రేడియోలూ బాగుచేసే రంగన్న, కంటికి తగిలించుకున్న భూతద్దంతోనే లోపలికి వచ్చాడు.

"ఏం సార్, పొద్దున్నుంచి దాన్ని కొడతాండారు? అది మీ ఎనిమిదో తరగతి పిల్లోడు కాదు, చెవి మెలేస్తే వినేకి."

"రంగన్నా, నీవు రేడియోలు చూసుకో. ఇది బుద్ధిబలానికి సంబంధించిన విషయం."

"బుద్ధి సరేలే సార్, బలం ఎక్కువైంది. గోకినట్ల కాదు, గుద్దినట్ల కాదు. బిడ్డకు బొట్టు పెట్టినట్ల పెట్టండి."

రత్నమ్మ మడతమీదినుంచి తలెత్తకుండా అన్నది. "చెప్పినట్ల చెయ్యండన్నా. వాడు చెప్పేదాంట్లో ఏడాదికి ఒకటి సరిగ్గుంటాది."

వీరుడైనవాడు సారథి మాట వినాలన్నది పెద్దల నీతి. మాస్టరు చొక్కా చేతులు మోచేతిపైకి మడిచి, చూపుడువేలి కొనతో, బొట్టు పెట్టినట్లే, పందొమ్మిది పావులనూ పది నిమిషాల్లో నిలిపాడు. బల్లమీద నాగేశ్వరయ్యశెట్టి రాజు ఏ మూల నక్కి ఉన్నాడో యంత్రంమీదనూ ఆ మూలే నక్కాడు. మొదటి దుర్గం వశమైంది.

రెండవ దుర్గం పేరు లెవెల్. ఎదుటివాడు ఎంతటి ఆటగాడు కావాలో యంత్రానికి ముందే చెప్పాలి. ఒకటి నుంచి ఎనిమిది వరకు మెట్లు. ఒకటి పసిబిడ్డ, ఎనిమిది మహారథుడు.

"ఒకటి పెట్టండి సార్," అన్నాడు రంగన్న, తడుముకోకుండా. "శెట్టికి బంటుకూ బెల్లానికీ తేడా తెలీదని వీధంతా చాటింపేసింది మీరే కదా."

మాస్టరు లెవెల్ బటన్‌మీద వేలు ఆనించాడు. ఇరవయ్యారేళ్లు ఆ మాట అన్నది నిజమే. గెలిచిన నాడూ అన్నాడు, ఓడిన నాడు ఇంకా గట్టిగా అన్నాడు. ఇప్పుడు ఒకటి అని నొక్కితే, మాట నిలుస్తుంది, ఆట గెలుస్తాడు, పన్నెండుకల్లా ఇంటికి పోయి అన్నం తినవచ్చు. నొక్కవలసినది ఒక్కసారే. సత్యమూ శెట్టిగారూ తప్ప అభ్యంతరం చెప్పేవారెవరూ లేరు.

బటన్ నొక్కాడు. ఒకటో దీపం వెలిగింది. మళ్లీ నొక్కాడు. రెండు. శిఖరారోహణ చేసే యోధుడు ప్రతి మెట్టు దగ్గరా ఒక్కొక్క ఆయుధం విడిచినట్లు, నొక్కిన కొద్దీ ఆయన గర్వంలో ఒక్కొక్క తునక రాలగా, మూడు, నాలుగు, అయిదు అని దీపం పైకి పాకింది. ఎనిమిది దగ్గర ఆగింది.

"దీనికి పైన లేదా రంగన్నా?"

"లేదు సార్. అంతే."

"అయితే ఇదే ఉండనీ. కొంచెం తక్కువవుతుందేమో."

రత్నమ్మ చేతిలోని జాకెట్టు ముక్క మడత సగంలో ఆగింది. తరువాత ఆమె, ముక్క మడత పూర్తిచేసి, దొంతిలో పెట్టింది.

"ఆయనైతే ఇంట్లో మిమ్మల్ని ఇట్ల పొగిడింది లేదులే అన్నా. 'సార్ శకటు యాడికి పోతాదో ఆ శకటుకే తెలీదు' అనేవాడు."

"అనేవాడా?"

"దినామూ."

మాస్టరు నవ్వాడు. ఆ ఏడాది ఆయన నవ్వడం రంగన్న చూడలేదు గనుక, భూతద్దం తీసి మళ్లీ చూశాడు.

ఆట మొదలైంది. ఎనిమిదో మెట్టున ఉన్న యంత్రం ఎత్తు ఎత్తుకూ పావుగంట ధ్యానించేది. ఎర్రని కళ్లు మిణుకు మిణుకుమని, ఏ నల్లపావు ఏ గడికి పోవాలో చూపితే, మాస్టరే దాన్ని జరిపేవాడు. మాస్టరు మాత్రం, చైత్రం నుంచి ఆషాఢం దాకా మనసులో ఆ పావులను కదిపి కదిపి అరగదీసినవాడు గనుక, ఏనుగును నడివీధిలోకి నడిపి, మంత్రిని మెరుపులా దింపి, నల్లరాజు నక్కిన మూలకు రెండు దారులూ మూసేశాడు. నాలుగో ఎత్తుకు, యంత్రం ఏమీ ఎరగనట్లు, దూరాన ఉన్న ఒక బంటును ముందుకు జరిపింది.

అంతే. ఏనుగు ఒక్క గడి పక్కకు జరిగితే ఆటకట్టు. పన్నెండు దాటి నలభై నిమిషాలైంది. మాస్టరు వేలు ఏనుగుమీదికి దిగి, దిగుతూ ఆగింది.

ఆ సీమలో తాతలనాటినుంచి ఆడే ఆటకు ఒక న్యాయముంది. ఎదుటి పావు ఏదీ అంతవరకు ఒక్కసారీ నేరుగా గురిపెట్టని రాజుకు, ఆట మొత్తంమీద ఒకే ఒకసారి, గుర్రంలా దూకే అధికారం ఉంటుంది. శెట్టిగారు ఆ దూకును చివరి ఊపిరిదాకా దాచుకునేవారు. ఇక చచ్చాడు అనుకున్న క్షణాన, ముక్కుపొడి డబ్బా మూత మూసి, రాజును ఎగిరించేవారు. ఏడు భాషలు వచ్చిన యంత్రానికి ఈ ముక్క రాదు.

"కట్టేయండి సార్," అన్నాడు రంగన్న. "ఏమి చూస్తారు?"

"శెట్టి రాజు ఇంకా దూకలేదప్పా."

"మిషనుకు ఆ సంగతి తెలీదు కదా సార్."

"నాకు తెలుసు కదా."

అంతట మాస్టరు 'వెనక్కి' అని అర్థమున్న బటన్ నొక్కి, యంత్రం జరిపిన బంటును యథాస్థానంలో నిలిపి, నల్లరాజును పట్టి, రెండు గడులు ముందుకు, ఒక గడి పక్కకు నొక్కాడు. యంత్రం "కుయ్" అన్నది. మళ్లీ నొక్కాడు. "కుయ్ కుయ్ కుయ్."

మాస్టరు నిటారుగా నిలిచాడు.

"ఓ యంత్రమా, దేశదేశాల శాస్త్రములు చదివితివి కాని ఉరవకొండ న్యాయమును చదువకపోతివి. తన సైన్యమునకు గల అధికారమెరుగని సేనాపతిని గెలుచుట గెలుపు కాదు. ఈ రాజునకు గెంతు హక్కు గలదు. దానిని నీవు ఈయకున్న నేనిత్తును. నా ఓటమికి నేనే ద్వారము తెరతును. అడ్డు రాకుము."

'సెటప్' నొక్కాడు. బొట్టు పెట్టినట్లు, మూలనున్న నల్లరాజును తాకాడు. యంత్రం జ్ఞాపకంలోంచి రాజు మాయమయ్యాడు. రాజు బొమ్మ బటన్ నొక్కాడు. రెండు గడులు ముందుకు, ఒక గడి పక్కకు, వేలికొన ఆనించాడు. తరువాతి ఎత్తు తెల్లసైన్యానిదని చెప్పాడు. 'సెటప్' మళ్లీ నొక్కి బయటికి వచ్చాడు.

పదహారు ఎర్రని కళ్లు ఒక్కసారి వెలిగి ఆరాయి.

యంత్రం ఏమీ అనలేదు.

నల్లరాజు దూకి నిలిచిన చోట, మాస్టరు పన్నిన వ్యూహమంతా గాలిలో కలిసింది. పైగా, కాపలా లేని తెల్లశకటు ఆ రాజు చేతికే చిక్కింది. అక్కడినుంచి ఎనిమిదో మెట్టు యంత్రం దయ చూపలేదు. గుర్రం వచ్చింది, వెనుక ఏనుగు వచ్చింది. మాస్టరు ఒక్కొక్క దుర్గమే కోల్పోతూ, అయినా పారిపోక, ధర్మరాజు ఓడిన తీరున ఓడుతూ పోయాడు.

ఇంతలో వీధిలో ఎద్దులబండి ఆగింది. షోకేసు మోసుకొచ్చిన హమాలీ పెద్దన్న గడపమీద నిలిచి, లోపల బల్లనూ, దాని చుట్టూ ఉన్న ముగ్గురినీ చూశాడు.

"దించేదా అక్కా? ఒంటిగంట దాటిపాయె."

"నిలబడుండప్పా," అన్నది రత్నమ్మ. "మా ఆయన ఆట ఆడతాండాడు."

పెద్దన్న మాస్టరు వంకా రంగన్న వంకా చూసి, తలపాగా తీసి గడపమీద కూర్చున్నాడు.

రెండు గంటలు కావస్తుండగా తెల్లరాజుకు కదిలే చోటు లేకపోయింది. యంత్రం ఉదయం తీసిన రాగమే తీసింది. మాస్టరు దాన్ని చివరిదాకా వినిపించనిచ్చాడు. ఆపైన చెక్కబల్ల దగ్గరికి పోయి, తువ్వాలు తీసి, ధూళి అంటని తెల్లరాజును పట్టి, నెమ్మదిగా పక్కకు పడుకోబెట్టాడు.

"ఎవరిదన్నా?" అని అడిగింది రత్నమ్మ, ఎరిగినా.

"శెట్టిదేనమ్మా."

ఆమె లేచి వచ్చి, పావులను ఒక్కొక్కటే తువ్వాల్లోకి ఏరుకుని మూటగట్టి, "తీసేయప్పా పెద్దన్నా, బల్ల" అన్నది.

ఇట్లు చిత్రభాను నామ సంవత్సర ఆషాఢ మాసాంతాన, జయరాముడు మాస్టరు ఆట ఓడి, శకటు ఓడి, పూటకూడు ఓడి, యంత్రాసురుడంతటివానిచేత ఏడు భాషల గ్రంథంలో ఎక్కడా లేని ఒక్క ఎత్తును నోరెత్తకుండా ఒప్పించి, దిగ్విజయుడై ఎండలో ఇంటికి నడిచాడు. గెలుచుకున్న రాజ్యం విస్తీర్ణం ఇంత: రెండు గడులు ముందుకు, ఒక గడి పక్కకు.