సిసలైన సిసిలీ

మానవజాతి రెండు రకాలు: సిసిలీ వెళ్ళొచ్చినవారు, వాళ్ళ ఫోటోలు చూడవలసి వచ్చినవారు! న్యూజెర్సీలో మా పార్సిప్పనీ తెలుగువాళ్ళలో ఈ విభజన ముందు కులం, జిల్లా, జీతం అన్నీ దిగదుడుపే.

మొదటి రకానికి మూలపురుషుడు శ్యామ్‌సుందర్. 2008 వేసవిలో ఆయనా, భార్య సుమతీ కొన్నాళ్ళు కనిపించకుండా పోయి, తిరిగొచ్చి, తలా ఒక వంటకం తెచ్చుకునే మా శనివారం పాట్‌లక్‌లో గోడకి దుప్పటి కట్టి స్లైడ్ షో వేశారు. ఇటలీ కొసన ద్వీపం! కొండ కొమ్మున రాతి ఊళ్ళు! సముద్రం అంచున జాలరి పల్లెలు! మేమందరం పులిహోర నములుతూ నోళ్ళు తెరిచాం. రెండూ ఒకేసారి చేయడం కష్టమే, అయినా చేశాం.

“రోమ్, పారిస్ చూసేవాడు టూరిస్ట్ అండీ. విలేజెస్ చూసేవాడు ట్రావెలర్!” అన్నాడు శ్యామ్‌సుందర్.

ఆ మాట మా ఆవిడ దమయంతికి గుండెలో దిగబడింది. మరుసటి ఏడాది మా టికెట్లు బుక్ చేసింది. పర్యటన కన్నా ముందు ప్రకటన! ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కట్టలు ఏరుతున్నవాళ్ళని కూడా ఆపి చెప్పింది. తిరిగి రాగానే మా ఇంట్లోనే పాట్‌లక్, మాదే స్లైడ్ షో అని అందరినీ పిలిచేసింది. అన్నీ అయ్యాక, బయలుదేరే వారంలో, పాస్‌పోర్ట్ తెరిచి చూశాం. అమెరికా వీసా స్టాంప్ గడువు ఎప్పుడో తీరిపోయింది!

లాయర్‌కి ఫోన్ చేశాను.

“వెళ్ళొచ్చా అండీ?”

“శుభ్రంగా వెళ్ళొచ్చు. తిరిగి రానిస్తారా అన్నదే డౌట్. బయట కాన్సులేట్‌లో కొత్త స్టాంపింగ్ చేయించుకోవాలి. అసలే లేఆఫ్‌ల టైమ్. కదలకండి!”

ముద్ర లేనివాడు సముద్రం దాటలేడని అప్పుడు తెలిసింది. కొండ ఊళ్ళ ప్రయాణం కాస్తా కొండెక్కింది. తీర గ్రామాల కోరిక తీరలేదు. వీసా లేదనేసరికి దమయంతి విసవిసా బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది.

“పోనీ, వెళ్ళలేదని చెప్పేద్దామోయ్,” అన్నాను తలుపు బయటి నుంచి.

“చెప్పండి! సుమతి ముందు నా తల కొట్టేసినట్టుంటుంది, చూసి ఆనందించండి! ‘అయ్యో పాపం దమయంతీ’ అంటుందావిడ. ఆ అయ్యో పాపం నేను భరించలేనండీ!”

అలా మేం పోకోనోస్‌కి పోక తప్పలేదు. పక్క రాష్ట్రంలో కొండలూ, ఆ కొండల మధ్య తెలుగువాడి కంట పడని ఒక మోటెలూ దొరికాయి. లగేజీలో రైస్ కుక్కర్, ఆవకాయ, కెమెరా.

ఇక కళాసృష్టి! మోటెల్ పక్క పిజ్జా షాపు గోడ మీద ఎవరో కొండ ఊరు పెయింట్ చేశారు. దాని ముందు దమయంతి గడ్డి టోపీ పెట్టుకుని నిలబడింది. మినీ గోల్ఫ్ మైదానంలో తెల్ల సున్నం కొట్టిన బొమ్మ ఇళ్ళున్నాయి. అవి మోకాలెత్తు కనుక నేను నేల మీద పడుకుని తీశాను. ఒక తెల్లవారుజామున జెర్సీ షోర్ దాకా డ్రైవ్ చేసి సముద్రం కూడా పట్టుకొచ్చాం. అట్లాంటిక్‌ని మధ్యధరా చేయడానికి వంతెనలు కట్టనక్కర్లేదు, ఫోటోలో హాట్‌డాగ్ బండిని క్రాప్ చేస్తే చాలు!

ఒక్కటే భయం. శ్యామ్‌సుందర్! ఆ ద్వీపాన్ని సందుసందూ గాలించిన మనిషి. ఆయన ఒక్క ప్రశ్న వేస్తే మా పరువు పార్సిప్పనీ పార్కింగ్ లాట్‌లో పడుతుంది.

ఆ శనివారం రానే వచ్చింది. మా లివింగ్ రూమ్ నిండా జనం, గోడకి దుప్పటి. ఒక్కొక్క స్లైడూ ప్రాణం ఉగ్గబట్టుకుని దాటిస్తున్నాను. పిజ్జా షాపు గోడ వచ్చింది.

“వావ్! ఇదేం ఊరు అన్నా?” అని అడిగింది భావన. కొత్తగా పెళ్ళయి వరంగల్ నుంచి వచ్చిన పిల్ల.

ఊరి పేరు! టోపీల దగ్గర్నుంచి అన్నీ ఆలోచించాం కానీ ఊళ్ళకి పేర్లుంటాయన్న సంగతే తోచలేదు! దమయంతి నా వైపు చూసింది. నేను డైనింగ్ టేబుల్ వైపు చూశాను. అక్కడ రాధారాణి గారు తెచ్చిన బెండకాయ పులుసు పొగలు కక్కుతోంది.

“మోంతే... మోంతే పులుసానో!” అన్నాను. ఇటాలియన్‌లో కొండని మోంతే అంటారని ఎక్కడో చదివాను.

సోఫాలోంచి శ్యామ్‌సుందర్ మెల్లగా లేచాడు. దుప్పటి దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, దాని మీది ఊరిని ఎగాదిగా చూశాడు. దమయంతి గరిటెతో సహా వంటింటి వైపు జరిగింది.

“మోంతే పులుసానోయా?” అన్నాడు.

“అ... అవునండీ.”

“చర్చి వెనక సందులో బేకరీ ఉండాలే?”

లేదంటే ఎలా, ఉందంటే ఎలా?

“ఉం... ఉందండీ.”

“అందులో ముసలావిడ! మోకాళ్ళ నొప్పులతో తిప్పలు పడేది పాపం. ఎలా ఉంది?”

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన నుదుటి మీద చెమట! లెక్కప్రకారం చెమట పట్టవలసింది నాకు కదా! సరిగ్గా ఆ క్షణంలో నాకు ప్రాణం లేచొచ్చింది.

“నొప్పులు బాగా తగ్గాయండీ. మిమ్మల్ని పేరు పెట్టి మరీ అడిగింది!”

“ఎంత గుర్తండీ ఆవిడకి!” అని శ్యామ్‌సుందర్ కళ్ళు తుడుచుకున్నాడు. వెంటనే సుమతి అందుకుంది. “మా చేత బలవంతంగా బ్రెడ్ తినిపించేది దమయంతీ, వద్దంటే వినేది కాదు.”

“మాకూ పెట్టింది వదినా,” అంది దమయంతి. గరిటె మళ్ళీ జనం మధ్యకి వచ్చింది.

రాధారాణి గారు ఊరుకుంటారా? “ఏవండీ, క్రూయిజ్‌లో వెళ్ళినప్పుడు మన షిప్ ఆగింది ఈ ఊళ్ళోనే కదూ?” అని భర్త కిరణ్‌కుమార్‌ని పొడిచారు.

“అవునవును, మార్నింగ్ ఆగింది!” అన్నాడు కిరణ్‌కుమార్. కొండ కొమ్ము మీదికి షిప్ ఎలా ఎక్కిందని ఎవరూ అడగలేదు. పరాయివాళ్ళ షిప్పుల సంగతి మనకెందుకు?

భావనకి ఉత్సాహం ఆగలేదు. “అయితే నెక్స్ట్ సమ్మర్ మనమందరం పోదాం అన్నా! అక్కడనే వారం ఉందాం. హోటల్ పేరు చెప్పున్రి, ఇప్పుడే బుక్ చేస్తా!” అంటూ నా లాప్‌టాప్ మీద చెయ్యి వేసింది.

ఒక్కసారిగా నలుగురం అయిదుగురం సోఫాల్లోంచి లేచాం. అందరికన్నా ముందు శ్యామ్‌సుందర్ నోరు తెరిచాడు.

“ఇప్పుడొద్దమ్మా. మోంతే పులుసానో పాడైపోయింది.”

“అయ్యో! ఏమైంది?”

“కమర్షియల్ అయిపోయింది. ఒకప్పటి ఆ ప్యూరిటీ ఏదీ?”

“లేదండీ, అస్సలు లేదు,” అన్నాను నేను. సుమతి నిట్టూర్చింది. దమయంతి తలాడించింది. కిరణ్‌కుమార్ బరువుగా పులుసు వడ్డించుకున్నాడు. ఎన్నడూ లేని ఊరు ఎలా ఉండేది ఎలా అయిపోయిందోనని అందరం కాసేపు మనస్ఫూర్తిగా బాధపడ్డాం.

రాధారాణి గారు భావన భుజం మీద చెయ్యి వేసి అసలు కారణం చెప్పారు.

“మనవాళ్ళు ఎక్కువైపోయారమ్మా అక్కడ!”