నూకాలు పెట్టిన తొమ్మిది అర్జీలు

ఒక పెద్ద అడవి, దానికి ఒకటే బడి. పులి అలికిడి వినడం, వినగానే పరిగెత్తడం, అంతే అక్కడి చదువు.

దుప్పి నూకాలు కూతురు చిట్టికి పుట్టు చెవుడు. అలాంటి పిల్లలకి కళ్లతో పులిని కనిపెట్టడం నేర్పే పంతులు వేరే ఉంటాడట. అర్జీ పెట్టిన పది రోజుల్లో ఆ పంతుల్ని ఇచ్చి తీరాలని బడి గోడ మీదే రాసుంది. తొలకరి పడగానే నూకాలు అర్జీ పెట్టింది. గడ్డి ఎదిగేలోగా పిల్లకి చదువు రావాలి. ఎదిగిన గడ్డిలో పులి ఒక పట్టాన కనపడదు.

తొమ్మిదో రోజున గుమాస్తా నక్క కబురు పెట్టింది.

"పిల్ల ఎత్తు పెరిగింది కదమ్మా, పాతది చెల్లదు. కొత్త అర్జీ పెట్టు. లెక్క ఇవాళ్టి నుంచి."

పాత కాగితం బంట్రోతు మేక నమిలేసింది. దాని ఉద్యోగమే అది.

ఆపైన ప్రతి తొమ్మిదో రోజూ ఇదే వరస. ఒకసారి ఏ చెవో రాయలేదంది, ఒకసారి తండ్రి కొమ్ముల కొలత కావాలంది. ఆఫీసు గడపలో నూకాలు నేల చూపులు చూసేది. తలూపి, ఇంకో అర్జీ పెట్టి వచ్చేసేది. ఇంటికొచ్చి గడ్డి వంక చూసేది. మోకాలు దాటింది, పొట్ట దాటింది, చిట్టి చెవులదాకా వచ్చింది.

నక్కకి ఇంకో గుణం ఉంది. పని తెగ చేస్తున్నట్టు కనబడాలని ప్రతి అర్జీనీ రిజిస్టరులో కొత్త పిల్ల పేరున ఎక్కించేది.

ఒకనాడు ఇన్‌స్పెక్టరు ఏనుగు వచ్చి రిజిస్టరు తిరగేసింది.

"తొమ్మిది మంది చెవిటి పిల్లలకి ఒక్క పంతులు లేడా? రేపు పొద్దున పంపిస్తా. తొమ్మిది మందీ క్లాసులో ఉండాలి. ఒక్కరు తగ్గినా నీ ఉద్యోగం ఉండదు."

నక్క పరుగున నూకాలు దగ్గరికొచ్చింది. చుట్టాల పిల్లలెవరైనా ఉంటే ఒక్క ఎనిమిది మందిని పంపమని బతిమాలింది.

నూకాలు నేల చూపులు చూస్తూనే మెల్లిగా అంది. "కొత్త అర్జీ పెట్టండి బాబూ. లెక్క ఇవాళ్టి నుంచి."

తెల్లారింది. కొంగ పంతులు వచ్చేసరికి ముందు వరసలో చిట్టి, వెనక నక్క, మేక, నక్క బావమరుదులు ఆరుగురు. అందరి చెవుల్లోనూ ఆకులు కుక్కి ఉన్నాయి.

గాలి లేకుండా గడ్డి కొస కదిలితే పులేనని పంతులు రెక్కలతో చేసి చూపించాడు. నాలుగో రోజున అలాగే కదిలింది. చూసింది చిట్టి ఒక్కతే. లేచి దౌడు తీసింది. వెనక వాళ్లకి ఏమీ వినపడలేదు గానీ, దాని తోక పట్టుకున్నట్టే ఆఫీసంతా పరిగెత్తింది.

నీతి: పిల్ల కోసం పెట్టిన గడువు ఎన్నాళ్లకీ రాదు, గుమాస్తా ఉద్యోగం మీద పెట్టిన గడువు తెల్లారేలోగా తీరుతుంది.