గంపలో సెంట్రోసోములు

ఆ పొద్దున జ్యోత్స్న వేసుకున్న పథకం చాలా చిన్నది. మహబూబాబాద్‌లో స్నేహితురాలి పెండ్లికి వెళ్లి, సాయంత్రానికి సొంతూరు నెల్లికుదురు చేరి, మర్నాడు హైదరాబాదులో తన ల్యాబ్‌కు పోవడం. ల్యాబ్ ఫ్రిజ్ పాడవడంతో పరిశోధన పురుగుల గుడ్లున్న పళ్లాలు రెండు ఇంటికి తెచ్చి ఐసు డబ్బాలో దాచింది. వేడి హద్దు దాటితే పురుగులు చస్తాయి. వాటితోపాటే ఆమె రెండేళ్ల కష్టమూ పోతుంది.

తల్లి కొమురవ్వకు విడమరిచి చెప్పింది. "గీ పురుగు గుడ్డు ముందుగాల రెండు ముక్కలు కావాలె అవ్వా. లోపట రెండు చుక్కలు తయారై, అటొకటి ఇటొకటి నిలబడి దారాలు గుంజుతయి. గవ్వే సెంట్రోసోములు."

"భూమి పంచేటప్పుడు ఇద్దరు పెద్దమనుషులు తాడు పట్టినట్టా?"

"గంతే. డబ్బా ముట్టకు."

అన్నీ చెప్పింది గానీ, ఐసు ఎందుకో మాత్రం చెప్పలేదు. కొమురవ్వ ఏళ్ల తరబడి కోళ్లను పొదగేస్తున్న మనిషి. ఐసులో గుడ్లు చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది. ఇంత చదివిన పిల్లకు ఈ మాత్రం తెలియదా అనుకుంటూ, ఒక పళ్లెం తీసి పొదుగు కోడి గంపలో గడ్డి అంచున దోపింది.

కోడికి అది నచ్చక అలిగి గంప దిగిపోయింది. దాని గుడ్లు చల్లబడతాయని కొమురవ్వ పరేషానై, పక్కింటి మంజుల కోడిని అడిగి తెచ్చి కూర్చోబెట్టింది. అది చూసి మొదటి కోడి తిరిగొచ్చింది. రెండూ కొట్టుకుంటుంటే మొదటిదే విడదీయబోయిన మంజుల ముక్కును పొడిచి, గెలిచి, మళ్లీ గంపెక్కి కదలకుండా కూర్చుంది.

సాయంత్రం జ్యోత్స్న వచ్చేసరికి వాకిట్లో పంచాయితీ నడుస్తోంది.

"నా ముక్కు సంగతేంది కొమురక్కా?" అంటోంది మంజుల.

జ్యోత్స్న గంపలోని పళ్లెం చూసి అరుగు మీద కూలబడింది. "ఏం జేసినవవ్వా? నా చదువంతా పాయె."

"సలికి వణుకుతున్నయని జర వెచ్చగ పెట్టిన బిడ్డా."

జ్యోత్స్నకు ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు ల్యాబ్‌లో గైడు సారు రెండు పళ్లాలనూ సూక్ష్మదర్శిని కింద చాలాసేపు చూశారు. ఐసులో ఉన్న గుడ్లు చక్కగా చీలుతున్నాయి. గంపలోవి బతికే ఉన్నాయి గానీ ఒక్కటీ చీలలేదు. ఆ వెచ్చదనంలో తాడు పట్టే పెద్దమనుషులు తయారే కాలేదు. జ్యోత్స్న రెండేళ్లుగా నిరూపించలేక తంటాలు పడుతున్నది సరిగ్గా ఇదే. ల్యాబ్ హీటరు వేడి ఎక్కువా తక్కువా అవుతూ ప్రతిసారీ పురుగులను చంపేది.

"ఇంత నిలకడగా వేడినిచ్చిన పరికరం ఏది?" అని సారు అడిగారు.

జ్యోత్స్న ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ కోడిని వెంటనే ల్యాబ్‌కు తెప్పించమన్నారు గానీ, మంజుల ముక్కు పంచాయితీలో అది అప్పటికే కూరైపోయింది.